పెళ్లికీ మేడారానికీ ఒకే కెమెరా బ్యాగు సరిపోతుందా?

ప్రశ్న: అన్నా, మాది పరకాల. హన్మకొండలో ఒక స్టూడియో వాళ్లతో కలిసి పెళ్లిళ్లకు క్యాండిడ్ ఫొటోలు తీస్తాను. సోనీ ఏ7 త్రీ కెమెరా, సిగ్మా 24-70, సోనీ 85 ఎంఎం లెన్సులు, ఒక గోడాక్స్ ఫ్లాష్ సొంతంగా కొనుక్కున్నాను. పాత క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉండే కెమెరా) ఒకటి, దాంతో పాటు వచ్చిన కిట్ లెన్సుతో ఉంది. వచ్చే ఏడాది 70-200 జూమ్ లెన్సు తీసుకోవాలని ఆశ. ఇప్పటిదాకా అన్నీ టవల్లో చుట్టి కాలేజీ బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను. వెళ్లేది స్కూటీ మీద, దూరమైతే బస్సులో. ఆదివారాలు రామప్ప, లక్నవరం వైపు పోతుంటాను. ఈసారి మేడారం జాతర తీయాలని ఉంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బడ్జెట్ 5 వేలు. స్టూడియోలో అన్నవాళ్లు ‘కొంటే పెద్దదే కొను, మళ్లీ మళ్లీ కొనే పని ఉండదు’ అంటున్నారు. సైడ్ బ్యాగు కొనాలా, వీపు బ్యాగా? దుమ్ముకు, వానకు ఏది ఆగుతుంది? ఎన్ని చూసినా తేలడం లేదు.

సమాధానం:

చెల్లెమ్మా, ముందు ఆ పెద్ద బ్యాగు సంగతి తేల్చేద్దాం, వద్దు. నీ సామాను బరువు లెక్క వేసి చూడు. ఏ7 త్రీ బ్యాటరీతో కలిపి 650 గ్రాములు. సిగ్మా 24-70 ఆర్ట్ అయితే సుమారు 830. సోనీ 85 ఎంఎం ఎఫ్ 1.8 అయితే 371. ఫ్లాష్ అర కిలో. పాత బాడీ, కిట్ లెన్సు కలిపి ముప్పావు కిలో వేసుకో. అన్నీ కలిపితే మూడు కిలోలు దాటింది. దానికి చార్జరు, విడి బ్యాటరీలు, కార్డులు, లీటరు నీళ్ల సీసా చేరాలి. ఇక బ్యాగు సొంత బరువు ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫోమ్ దట్టంగా పెట్టిన పెద్ద కెమెరా బ్యాగు ఖాళీగానే రెండు కిలోలు తూగుతుంది. చిన్నదైతే కిలో, కిలోంబావులో అయిపోతుంది. పెద్ద బ్యాగులో ఖాళీ అరలు ఉన్నాయంటే వాటిలోకి ఏదో ఒకటి వచ్చి చేరుతుంది: వాడని లెన్సు, రెండో చార్జరు, గొడుగు, స్టూడియో వాళ్ల ఎల్‌ఈడీ లైటు కూడా. ఆ బరువంతా పొద్దున మైలపోలు నుంచి రాత్రి బరాత్ దాకా మోసేది నీ భుజాలే.

ఇప్పుడున్న సామాను, దానికి తోడు నువ్వు కొనబోయే ఆ ఒక్క లెన్సు. అంతకు మించి చోటు వద్దు. ఎంత చోటు కావాలో అంచనా వేయడం సులభమే. ఇంట్లో నేల మీద దుప్పటి పరిచి, బాడీకి 24-70 తగిలించి పడుకోబెట్టు. లెన్సు ముందుండే హుడ్ వెనక్కి తిప్పి పెడితే దాదాపు 19 సెంటీమీటర్ల పొడుగు వస్తుంది. దాని పక్కన 85, ఫ్లాష్, పాత బాడీ, బ్యాటరీల పౌచ్ పేర్చు. 70-200 ఇంకా చేతికి రాలేదు కాబట్టి దాని బదులు అదే కొలతలో చుట్టిన పేపరు పెట్టు. సోనీ వాళ్ల 70-200 ఎఫ్ 2.8 పొడుగు 20 సెంటీమీటర్లు, వ్యాసం 8.8. మొత్తం ఎంత పొడుగు, ఎంత వెడల్పు వచ్చిందో టేపుతో కొలిచి రాసుకో. షాపులో అయినా ఆన్‌లైన్‌లో అయినా చూడాల్సింది బ్యాగు లోపలి కొలతలు. చాలామంది బయటి కొలతలు చూసి మోసపోతారు, ఫోమ్ మందం రెండు వైపులా పోతుంది మరి. ఇంకోమాట, 70-200 ఎఫ్ 2.8లో పాతదానికీ కొత్తదానికీ బరువులో చాలా తేడా ఉంది. మొదటి మోడల్ 1,480 గ్రాములు, రెండోది 1,045. సెకండ్ హ్యాండ్‌లో పాతది తక్కువకు వస్తోందని తీసుకునేటప్పుడు ఆ నాలుగు వందల గ్రాములు కూడా గుర్తు పెట్టుకో.

ఇక అసలు విషయం. బ్యాగు ఎన్ని పడుతుందో అందరూ అడుగుతారు. దాన్ని ఎక్కడ, ఎలా తెరవాల్సి వస్తుందో అడిగేవాళ్లు తక్కువ. మన దగ్గర ఫొటోలు తీసే చోట్ల బ్యాగు కింద పెట్టడానికి శుభ్రమైన జాగా దొరకదు. పెళ్లి మండపం దగ్గర నేల మీద నీళ్లు, పూలు, పసుపు. జాతరలో దుమ్ము. లక్నవరం ఒడ్డున తడి మట్టి. అందుకే బ్యాగు నోరు ఎటు వైపు ఉందన్నదే నేను మొదట చూస్తాను.

మామూలు కెమెరా బ్యాగులకు జిప్పు ముందు వైపు ఉంటుంది. దాన్ని తెరవాలంటే వీపుకు ఆనే వైపును నేల మీద ఆనించి పడుకోబెట్టాలి. లేచి మళ్లీ వేసుకుంటే ఆ మట్టంతా నీ డ్రెస్సుకే. వీపు వైపు నుంచి తెరుచుకునే రకం ఉంది చూడు, నీకు అదే తీసుకోమంటాను. నీ వీపుకు తగిలే ఆ మెత్తటి పలకే దాని మూత. నేల మీద పెడితే ముందు వైపుకు మట్టి అంటుతుంది, భుజం పట్టీలు మాత్రం పైకి, శుభ్రంగా ఉంటాయి. వేసుకుని నడుస్తున్నంతసేపు ఆ జిప్పు నీ వీపుకూ బ్యాగుకూ మధ్య ఉంటుంది, వెనక నిలబడ్డవాడి చెయ్యి అక్కడికి చేరదు.

మేడారం లాంటి చోట దాని విలువ ఇంకా తెలుస్తుంది. గద్దెల దగ్గర బ్యాగు కింద పెట్టే ప్రశ్నే లేదు, కాలు పెట్టే సందు దొరికితే గొప్ప. అప్పుడు ఇలా చెయ్యి. నడుము బెల్టు బిగించే ఉంచి, ఛాతీ క్లిప్పు తీసి, భుజం పట్టీల్లోంచి రెండు చేతులూ బయటికి తీసేయ్. బ్యాగు నడుముకు వేలాడుతుంది. దాన్ని బెల్టుతో సహా పక్క నుంచి పొట్ట వైపుకు తిప్పు. ఇప్పుడు ఆ వీపు పలక నీ ఛాతీకి ఎదురుగా ఉంటుంది. జిప్పు తెరిస్తే మూత నీ వైపు వాలుతుంది, లోపలి సామానంతా నీ కళ్ల ముందు ఉంటుంది. ఎడమ చేత్తో బ్యాగు అడుగు పట్టుకుని కుడి చేత్తో కావాల్సింది తీసుకోవచ్చు. కొన్ని బ్యాగుల్లో ఆ మూత మీదకు పడకుండా మెడకు తగిలించుకునే తాడు కూడా ఇస్తారు. ఇదంతా జరగాలంటే నడుము బెల్టు గట్టిగా, మెత్తటి ప్యాడ్‌తో ఉండాలి. సన్నటి నవారు లాంటి బెల్టు పెట్టి నడుము బెల్టు అని అమ్మేవి పనికిరావు, బరువుకు జారిపోతాయి. ఇంట్లో సామాను నింపి నాలుగైదు సార్లు తిప్పి చూసుకో, చెయ్యి అలవాటు పడుతుంది.

పక్క నుంచి తెరుచుకునే జిప్పు కూడా ఉంటే మంచిదే, ఒక భుజం మీద వేలాడేసి కెమెరా చటుక్కున తీయొచ్చు. కానీ సామాను కింద పడే ప్రమాదం ఉన్నదీ ఆ జిప్పులోంచే. కెమెరా తీసి, జిప్పు వేయడం మరచి, బ్యాగు ఎత్తగానే లోపల మిగిలిన లెన్సు జారి పడుతుంది. తీసిన వెంటనే జిప్పు వెయ్యి, ఫొటో ఆ తర్వాత. జిప్పు సగంలోనే ఆగేలా లోపల చిన్న క్లిప్పు ఉన్న బ్యాగులు కొన్ని ఉన్నాయి, దొరికితే వదలకు.

పెళ్లిళ్ల సంగతి వేరు. అక్కడ బ్యాగు వీపు మీద ఉండకూడదు, ఒక మూల ఉండాలి. తలంబ్రాల దగ్గర తెరిచిన బ్యాగు ఎలా అవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. బియ్యంతో పాటు రంగురంగుల థర్మోకోల్ గుళికలు కలుపుతున్నారు కదా, బియ్యం గింజలైనా దులిపితే పోతాయి, ఆ గుళికలు బట్టకూ ఫోమ్‌కూ అతుక్కుని, లోపల అరలు విడదీసే డివైడర్ల మూలల్లో దాక్కుంటాయి. మర్నాడు లెన్సు మారుస్తుంటే బాడీ లోపలికి వస్తాయి. పసుపు పొడి అంతకన్నా మొండిది. కాబట్టి జీలకర్ర బెల్లం ముందే బ్యాగులోంచి కావాల్సినవన్నీ తీసుకుని జిప్పు వేసెయ్. పాత బాడీ కూడా సోనీదే అయితే 85ని దానికి తగిలించి రెండో భుజానికి వేసుకో. క్రాప్ బాడీ మీద అది 127 ఎంఎం లెన్సు లాగా పని చేస్తుంది, దూరం నుంచి మొహాలు తీయడానికి హాయిగా ఉంటుంది. రెండు బాడీలు ఉంటే లెన్సు మార్చే పనే తగ్గిపోతుంది.

సైడ్ బ్యాగా, వీపు బ్యాగా అన్న నీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఈ రెండు రకాలూ రెండు వేర్వేరు పనుల నుంచి పుట్టాయి. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పని చేసిన జిమ్ డోమ్కీ అనే ఫొటోగ్రాఫరు 1976లో తన కోసం చేయించుకున్న కాన్వాస్ సైడ్ బ్యాగు తర్వాత పేరున్న బ్రాండు అయింది. పైనుంచి చెయ్యి పెట్టి తీసుకోవడం, మళ్లీ వేయడం, పరుగెత్తడం, అదీ పత్రికల వాళ్ల పని. లోప్రోను 1967లో మొదలుపెట్టిన గ్రెగ్ లో కొండలెక్కే మనిషి, ఫొటోలూ తీసేవాడు. బరువు వీపు మీద, నడుము మీద పడాలి, చేతులు ఖాళీగా ఉండాలన్నది కొండలెక్కేవాళ్ల అవసరం. నీకు రెండు పనులూ ఉన్నాయి. కానీ నీ బరువు మూడు కిలోలు దాటింది. అంత బరువు ఒకే భుజానికి పది గంటలు వేలాడితే రాత్రికి మెడ తిరగదు, కొన్నేళ్లకు నొప్పి పోదు. అందుకని మోయడానికి వీపు బ్యాగు, పెళ్లిలో ఒంటి మీద ఉంచుకోవడానికి చిన్న సైడ్ పౌచ్. పౌచ్‌లో ఒక లెన్సు, రెండు బ్యాటరీలు, కార్డులు, తుడిచే గుడ్డ పడితే చాలు. దానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు.

ఇప్పుడు నీ ఎత్తు. ఈ బ్యాగులు చాలావరకు పొడుగాటి మగవాళ్ల వీపును దృష్టిలో పెట్టుకుని చేసినవి. నడుము బెల్టు నీ తుంటి ఎముక మీద కూర్చోవాలి, అప్పుడే భుజాల మీది బరువు కిందికి దిగుతుంది. వీపు పొడుగు నీకన్నా ఎక్కువ ఉన్న బ్యాగు వేసుకుంటే బెల్టు తుంటి కిందికి జారుతుంది, అలంకారానికి తప్ప దేనికీ రాదు. మెడ వెనక తల వంచితే పొడుచుకు వచ్చే ఎముక దగ్గర నుంచి తుంటి పైఅంచు దాకా అమ్మతోనో అక్కతోనో టేపుతో కొలిపించుకో. బ్యాగు వీపు భాగం ఆ కొలతకు మించకూడదు. ఛాతీ పట్టీ పైకీ కిందికీ జరిగేలా ఉండాలి. ఒకేచోట కుట్టేసిన పట్టీ ఆడవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. భుజం పట్టీలు మరీ వెడల్పుగా ఉంటే చంకల దగ్గర ఒరుసుకుంటాయి, అదీ చూసుకో.

షాపుకు ఖాళీ చేతులతో పోవద్దు. నీ కెమెరా, లెన్సులు తీసుకెళ్లి అందులో పెట్టి, వేసుకుని, కాసేపు నిలబడు. కిందికి వంగి చెప్పు పట్టీ సర్దుకున్నట్టు చెయ్యి, బ్యాగు తల మీదికి వస్తోందా చూడు. కుర్చీలో కూర్చో. మెట్లు ఉంటే ఎక్కి దిగు. షాపువాళ్లు ఏమీ అనుకోరు, అనుకున్నా ఫర్వాలేదు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ట్యాగు తీయకుండా మొత్తం ఐదు కిలోలు తూగేలా బియ్యం ప్యాకెట్లు నింపి ఇంట్లోనే ఒక గంట వేసుకుని పని చేసుకో. నచ్చకపోతే గడువు లోపల తిప్పి పంపేయ్.

బరువు నింపి ఉండగానే జిప్పులు చూడాలి. ఖాళీ బ్యాగుకు ఏ జిప్పైనా జారుతుంది. నింపాక ఒక చేత్తోనే మూల మలుపు తిప్పి చూడు, అక్కడ పట్టేస్తే రోజూ పట్టేస్తుంది. తర్వాత భుజం పట్టీ బ్యాగుకు కలిసే చోటు చూడు. పట్టీ చివర కుట్టులోకి దూరి ఉండాలి, దాని మీద నలుచదరంగా కుట్టి మధ్యలో ఇంటూ మార్కు లాగా కుట్టు వేసి ఉండాలి. పట్టీని గట్టిగా లాగి, దారం పడిన సూది రంధ్రాలు విచ్చుకుంటున్నాయేమో వెలుతురులో చూడు. విచ్చుకుంటే ఆరు నెలల్లో అక్కడే తెగుతుంది. పైన చేత్తో పట్టుకునే పిడికీ ఇదే పరీక్ష, ఎందుకంటే బస్సులో, స్కూటీ మీంచి దిగేటప్పుడు ఎత్తేది దాన్ని పట్టుకునే. బ్యాగు మిగతాదంతా బాగుండి ఈ కుట్టొక్కటే బలహీనంగా ఉంటే బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర నైలాన్ దారంతో ముందే ఇంకో వరుస వేయించుకో. పెద్ద ఖర్చేమీ కాదు.

దుమ్ముకు పూర్తిగా ఆగే గుడ్డ బ్యాగు లేదు. దుమ్ము, నీళ్లు రెండూ చొరబడనివి గట్టి ప్లాస్టిక్ పెట్టెలు. వాటిని మోయడం నీ వల్ల కాదు, నీ పనికి అవసరమూ లేదు. మేడారంలో ఎర్రటి దుమ్ముతో పాటు పసుపు, కుంకుమ, పైగా భక్తులు బంగారం అని సమర్పించే బెల్లం. బెల్లం అంటిన చేత్తో జిప్పు తీస్తే ఆ జిగురుకు దుమ్ము పట్టి రన్నరు కదలదు. తడి గుడ్డ ఒకటి బయటి జేబులో ఉంచుకో. ఇంటికి రాగానే బ్యాగు మొత్తం ఖాళీ చేసి, డివైడర్లు పీకి, తిరగేసి దులిపి, పొడి టూత్ బ్రష్‌తో జిప్పు పళ్లు శుభ్రం చెయ్యి. నూనె మాత్రం వేయొద్దు, దుమ్ము ఇంకా పడుతుంది.

వాన విషయంలో బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్‌ను సగమే నమ్ము. నువ్వు వేసుకుని ఉన్నప్పుడు అది వీపు వైపును కప్పదు. తల మీంచి, మెడ మీంచి కారిన నీళ్లు వీపు వెంట దిగి, ఆ కవర్ అడుగునే చేరి నిలుస్తాయి. వీపు వైపు తెరుచుకునే బ్యాగుకు జిప్పు కూడా అటే ఉంది కాబట్టి నీకు ఇంకా జాగ్రత్త కావాలి. మందపాటి ప్లాస్టిక్ కవర్లు రెండు మడిచి బ్యాగులోనే ఉంచు, వానాకాలంలో బొగత జలపాతం లాంటి చోటికి పోతే కెమెరాను ముందు అందులో వేసి తర్వాత బ్యాగులో పెట్టు. ఇంటికొచ్చాక రెయిన్ కవర్‌ను తడిగా మడిచి దాని జేబులో దోపేయకు, ఆరబెట్టు.

ఇది మాత్రం తప్పకుండా పాటించాలి: బ్యాగు సామాను మోయడానికే, దాచడానికి కాదు. ఫోమ్ తేమను పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటి, చీకట్లో, గాలి ఆడకుండా నెలల తరబడి ఉంటే లెన్సు అద్దాల మీద ఫంగస్ పాకుతుంది. మన జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు దానికి పండగే. ఒకసారి లోపలి అద్దానికి పడితే తీయించడం ఖర్చు, అద్దం మీది కోటింగ్ దెబ్బతింటే ఆ మచ్చ అసలు పోదు. ఆషాఢంలో లగ్గాలు లేవని బ్యాగు బీరువా మీద పెట్టి మరచిపోవద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో రంగు మారే సిలికా జెల్ ప్యాకెట్లు వేసి లెన్సులు అందులో ఉంచు. రంగు మారితే ఆ గింజలను సన్నటి సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

స్కూటీ మీద సామాను సీటు కింద డిక్కీలో పెట్టొద్దు, కింద ఇంజను వేడి ఉంటుంది, మన ఎండాకాలంలో అది పొయ్యే. కాళ్ల దగ్గర పెట్టినా గతుకుల అదురు నేరుగా తగులుతుంది. వీపుకే వేసుకుని, భుజం పట్టీలు కొంచెం వదులు చేసి, బ్యాగు అడుగు సీటు మీద ఆనేలా కూర్చో, బరువు సీటు మోస్తుంది. ఛాతీ క్లిప్పు పెట్టుకో, మలుపుల్లో పట్టీ జారదు. బస్సులో ఒళ్లోనే, పై అరలో వద్దు.

ట్రైపాడ్ కట్టుకునే పట్టీలున్నాయని ఏ బ్యాగూ కొనకు. రామప్ప లాంటి పురావస్తు శాఖ గుళ్లలో ట్రైపాడ్‌కు ముందే అనుమతి కావాలి, అది లేకుండా తీసుకెళ్తే మోసింది దండగ. రామప్పలో మండపం లోపల వెలుతురు తక్కువే, అయినా వెలుతురు ఎక్కువ తీసుకునే నీ 24-70 ఎఫ్ 2.8 చాలు. బయట చూరు కింద ఉండే మదనికల శిల్పాలకు 85 సరిపోతుంది. ఆ రెండు లెన్సులు, ఒక బాడీ, నీళ్లు. అలాంటి రోజు వీపు బ్యాగులో మిగతావి తీసి ఇంట్లో పెట్టి బయల్దేరు.

నీ 5 వేలను ఇలా పంచమంటాను: నాలుగు వేల దాకా వీపు బ్యాగుకు, మిగిలింది పౌచ్‌కు, సిలికా జెల్‌కు. ఈ ధరలో వీపు వైపు తెరుచుకునేవి, మంచి బెల్టు ఉన్నవి వెతికితే దొరుకుతాయి. ఈ సీజన్‌కు చేతిలో డబ్బు ఆడకపోతే తొందరపడి నాసిరకం కెమెరా బ్యాగు కొనకు. మెత్తటి గోడలు, డివైడర్లు ఉండే ఇన్సర్ట్ విడిగా దొరుకుతుంది, వెయ్యి రూపాయల చుట్టుపక్కల. దాన్ని నీ కాలేజీ బ్యాగులో దించుకో. టవల్ కన్నా వంద రెట్లు నయం. బస్టాండులో, ఫంక్షన్ హాల్లో అది కెమెరా బ్యాగు అని ఎవరికీ తెలియదు కూడా.

ఫంక్షన్ హాళ్లలో కెమెరా సామాను మాయమవడం కొత్తేమీ కాదు. బ్యాగును పెళ్లికూతురి గదిలోనో, వీడియో వాళ్ల సామాను పక్కనో పెట్టి, ఒక మనిషికి అప్పగించి వెళ్లు. కుర్చీ కాలికి పట్టీ చుట్టి పెట్టినా కొంత నయమే. బాడీలు, లెన్సుల సీరియల్ నంబర్లకు ఇవాళే ఫొటోలు తీసి, బిల్లులతో పాటు నీ మెయిల్‌కు పంపుకుని ఉంచు. పోలీసు కంప్లయింట్‌లో మొదట అడిగేది ఆ నంబర్లే.